కాలువగట్టు మీద సైకిలు



ఈ పుటలో ఇంతవరకు పిల్లల చదువులు, ఇంటి అప్పులు, పెద్దల సంరక్షణ వంటి బరువైన సంగతులు చాలా మాట్లాడుకొన్నాము. ఈ నెల కొంచెము తేలికపాటి సంగతి ఎత్తుకొంటున్నాము. అది సైకిలు. "సైకిలు గురించి చెప్పడానికి ఏముంటుందండీ?" అని మీరు అడగవచ్చును. మా ఇంటిలోనూ ఆ ప్రశ్న ఉన్నది. శుక్రవారము రాత్రి భోజనాలయ్యాక పాత గుడ్డ, నూనె సీసా ముందు పెట్టుకొని చైను తుడుస్తూ కూర్చుంటే, "ఆ శ్రద్ధలో సగము ఇంటి ఫ్యాను మీద పెట్టకూడదా" అన్న మాట వంటింటిలో నుండి వినబడుతూనే ఉంటుంది. ఫ్యాను ఎక్కడికీ పోదు. శనివారము మాత్రము తెల్లవారక ముందే సైకిలు గుమ్మము దిగవలసినదే.

మన ఊళ్లలో సైకిలు తొక్కేవారు రెండు రకాలు. తొక్కక తప్పనివారు ఒక రకము. ముచ్చటపడి తొక్కేవారు ఇంకొక రకము. మేము రెండవ రకము. ఈ ఇద్దరూ ఒకే గట్టు మీద పోతారు గాని, ఒకరి సైకిలు ఒకరికి అర్థము కాదు. మొన్న ఫిబ్రవరిలో రెండవ శనివారము, ఆదివారము మేము తిరిగిన తిరుగుడు, నిప్పుల మీద కాల్చుకొన్న కోడి, చేప, వాటి నడుమ వచ్చిన ఆలోచనలు అన్నీ ఈ సంగతి చుట్టూనే తిరిగినవి. అందుచేత వాటినే మీ ముందు పెడుతున్నాము.

నీళ్లు చదును చేసిన దారి

ధవళేశ్వరములో అయిదున్నరకు బయలుదేరాము. మాతో మా సంఘములోని ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. ఆయనకు అరవై నాలుగేళ్లు. షుగరు ఉన్నదని డాక్టరు చెప్పిన నాటి నుండి సైకిలు పట్టారు. జేబులో ఎప్పుడూ రెండు బెల్లపు ముక్కలు ఉంటాయి. షుగరుకు మందులు వాడేవారు ఎక్కువసేపు తొక్కితే ఒక్కొక్కసారి రక్తములో చక్కెర బాగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. అటువంటివారు మొదట డాక్టరుతో మాట్లాడాలి, దగ్గర ఏదో ఒక తీపి ఉంచుకోవాలి, ఒంటరిగా దూరము పోకూడదు. ఇది మాస్టారు అందరికీ చెప్పే పాఠము. మీకూ చెప్పమన్నారు.

బ్యారేజీ మీద మంచు ఇంకా విడలేదు. తలుపుల కింద చిన్న చిన్న పడవలలో చేపలవాళ్లు అప్పటికే వలలు వేస్తున్నారు. నీటికాకులు వరుసగా కూర్చొని రెక్కలు ఆరబెట్టుకొంటున్నాయి. మోటారు సైకిలు మీద ఎన్నోసార్లు ఈ వంతెన దాటాము గాని, ఆ వేగములో మనకు కనబడేది ముందుపోయే లారీ వెనుకభాగము మాత్రమే. బ్యారేజీకి మొత్తము 175 తలుపులు. లెక్కపెట్టాలన్న కోరిక సైకిలు మీద పోయేవాడికే పుడుతుంది. లెక్క తప్పేది కూడా వాడికే.

ధవళేశ్వరము చేయి, ర్యాలి చేయి దాటితే బొబ్బర్లంక. అక్కడ మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి ముగించారని మనము చిన్నప్పుడు చదువుకొన్నాము. ఇప్పటి బ్యారేజీ ఆ పాత ఆనకట్ట బలహీనపడిన తరువాత 1970ల్లో మొదలై 1982లో పూర్తయినది. అయితే సైకిలు తొక్కేవారు కాటన్‌గారికి వేరే ఇంకొక కృతజ్ఞత చెప్పుకోవాలి. ఆయన కాలువలను పొలాలకు నీళ్లు పారించడానికి మాత్రమే తవ్వించలేదు. వాటిలో పడవలు నడవాలని కూడా తవ్వించారు. ఈ దేశానికి రైళ్ల కంటె కాలువలే చవక అని వాదించిన మనిషి ఆయన. నీళ్లు మెల్లగా పారాలంటే కాలువ దాదాపు చదునుగా ఉండాలి. నేల పల్లమైనచోట నీరు ఒక్కసారి మెట్టు దిగడానికి, పడవను ఆ మెట్టు దించడానికి లాకులు కట్టారు. ఒక లాకుకు, ఇంకొక లాకుకు నడుమ గట్టు అంతా చదునే. గేర్లు లేని నల్ల సైకిలు మీద కూడా ఆయాసము లేకుండా పోవచ్చును. పడవకు అనుకూలమైన దారే సైకిలుకు కూడా అనుకూలమైనది. పడవలు పోయి చాలా కాలమైనది. దారి మాత్రము మనకు మిగిలినది.

గట్టుకు ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క దాళ్వా వరి. అక్కడక్కడ కొబ్బరి తోటలు. మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడు. దాదాపు అంతే శ్రమతో సైకిలు మీద మూడింతలు పోగలడు. అంత వేగము పోతూ కూడా ఎదురుగా వచ్చే మనిషికి నమస్కారము పెట్టవచ్చును, "ఏమండీ, నాట్లయిపోయాయా?" అని అడగవచ్చును, వారి జవాబు కూడా వినవచ్చును. ఇటువంటి వాహనము ఇంకొకటి ఉన్నదా అని మాస్టారిని అడిగాము. ఎద్దుబండి ఉన్నదన్నారు. అది ఎద్దులను అడగాలి గదా అన్నాము.

పంక్చర్ వేసిన పెద్దాయన

ఒక ఊరి మొదట మా వెనుక చక్రము నుండి గాలి పోయినది. తుమ్మముల్లు. చెట్టు కింద ఒక పెద్దాయన పంక్చర్ సామాను పెట్టుకొని కూర్చున్నాడు. టైరు ఒక ప్రక్క ఎత్తి ట్యూబు లాగి, గాలి కొట్టి, నీళ్ల బేసినులో కొంచెము కొంచెముగా తిప్పాడు. బుడగలు వచ్చినచోట వేలు పెట్టి, తుడిచి, ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషను రాసి, అది ఆరేదాకా ఊరకే కూర్చున్నాడు. పిల్లలు తొందరపడి తడిగా ఉండగానే ముక్క అంటిస్తారు, అందుకే అది ఊడుతుంది అన్నాడు. ముక్క అంటించాక టైరు లోపల వేలితో తడిమి, విరిగిన ముల్లు తీసి మా చేతిలో పెట్టాడు. ముల్లు తీయకుండా ట్యూబు ఎన్నిసార్లు బాగుచేసినా ప్రయోజనము లేదు గదా.

ఒకప్పుడు ఆయన దగ్గర ఇరవై అద్దె సైకిళ్లు ఉండేవట. సీటు అందని పిల్లలు కడ్డీ కింద నుండి కాలు దూర్చి తొక్కుతూ, గంట దాటితే ఇంకొక పావలా ఎక్కడ అడుగుతాడో అని భయపడుతూ తెచ్చి ఇచ్చేవారట. ఇప్పుడు వచ్చేవన్నీ మోటారు సైకిళ్ల పంక్చర్లే. డబ్బులు తీసుకొంటూ ఆయన ఒక మాట అడిగాడు: "బండి కొనుక్కోగలిగినవారే గదండీ మీరు. మరి ఈ కష్టమెందుకు?"

సరదాకు అని చెప్పాము. ఆయన నవ్వాడు గాని, ఆ నవ్వులో ఒప్పుకోలు లేదు. సైకిలు మీద సరదా అన్నమాట ఆయన జీవితములో ఎప్పుడూ వినియుండడు.

కొబ్బరి చిప్పల నిప్పులు

ఆత్రేయపురము దాటి కొంత దూరములో మా అక్కయ్యగారి ఊరు. దారిలో లొల్ల లాకుల దగ్గర ఆగి ముఖము కడుగుకొన్నాము. ఆత్రేయపురములో పూతరేకులు వేసే ఒక తల్లి ఇంటిముందు కాసేపు నిలబడ్డాము. బోర్లించిన కుండ కింద ఎండాకుల మంట. పలుచటి బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే, కన్నుమూసి తెరిచేలోపల కాగితము వంటి రేకు. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపు వచ్చినా మంట ముందు కూర్చోవలసినది ఆ తల్లులే.

సాయంత్రము అక్కయ్యగారి పెరటిలో మా పని మొదలైనది. నిప్పుల మీద కాల్చే పని అంటే మాకు సైకిలు తరువాత అంత ఇష్టము. మా బావగారిది కొబ్బరికాయల చిన్న వ్యాపారము గనుక చిప్పలకు కొదువలేదు. చిప్ప బొగ్గుకు వేడి ఎక్కువ, పొగ తక్కువ. కాల్చే విధము చాలామంది అడుగుతుంటారు గనుక చెబుతున్నాము.

పాత ఇనుప తట్టలో చిప్పలు వేసి అంటించండి. మంట లేస్తున్నంతసేపు ఏమీ పెట్టవద్దు. మంట చల్లారి, బొగ్గుల మీద తెల్లని బూడిద పొర కట్టినప్పుడు వంట మొదలు. నిప్పులన్నీ ఒక ప్రక్కకు నెట్టి, రెండవ ప్రక్క ఖాళీగా ఉంచండి. పైన ఇనుప వల పరచి, దానికి నూనె రాయండి. కోడి ముక్కలకు అల్లము, వెల్లుల్లి, పసుపు, కారము, ఉప్పు, పెరుగు, నిమ్మరసము పట్టించి రెండు మూడు గంటలు ఉంచాలి. మొదట నిప్పుల మీద పెట్టి రెండు వైపులా రంగు రానిచ్చి, ఆ తరువాత ఖాళీ ప్రక్కకు జరిపి, పైన ఒక మూకుడు బోర్లించి మగ్గనివ్వాలి. తొడ ముక్కకు ముప్పై, నలభై నిమిషాలు పడుతుంది. ఎముక దగ్గర గుచ్చి చూస్తే నీరు తేటగా రావాలి. ఎర్రగా వస్తే ఇంకా ఉడకలేదని అర్థము. పచ్చి మాంసము పెట్టిన పళ్లెములో కాలిన ముక్కలు తిరిగి పెట్టకూడదు. చాలా ఇళ్లలో కడుపునొప్పులు అక్కడే మొదలవుతాయి.

పండుగప్ప చేపకు ఇంత తతంగము అక్కరలేదు. తడి లేకుండా తుడిచి, గాట్లు పెట్టి, ఉప్పు, కారము, నిమ్మరసము పట్టించి పెట్టండి. ఒక్కసారే తిప్పండి. తొందరపడి కదిపితే తోలు వలకు అంటుకొంటుంది. కాలినప్పుడు అదే వదులుతుంది.

అక్కయ్య మా బొగ్గులను నమ్మలేదు. ఒక ప్రక్కన తేగలను కుండలో కూర్చి తంపట వేసినది. అందరికంటె ముందు అవే అయిపోయినవి.

చేప తిప్పుతూ మాస్టారు యోహాను సువార్త 21వ అధ్యాయము ఎత్తారు. రాత్రంతా వల వేసి అలసినవారు ఒడ్డుకు వచ్చేసరికి అక్కడ నిప్పులు, వాటి మీద చేప, రొట్టె సిద్ధముగా ఉన్నాయి. అంతకు ముందు అదే సువార్తలో పేతురు చలి కాచుకొంటూ ప్రభువును ఎరుగనన్నది కూడా నిప్పుల దగ్గరే. "మనుష్యులు నిప్పుల చుట్టూ కూర్చుంటే మనసులో మాట బయటికి వస్తుందిరా" అన్నారు మాస్టారు. ఆయన అన్నట్లే అయినది.

బావగారి మాట

మా మేనల్లుడు డిగ్రీ మొదటి సంవత్సరము. వాడికి గేర్ల సైకిలు ఉన్నది. కాలేజీకి దాని మీద పోవడము మానేశాడు. స్నేహితులందరికీ మోటారు సైకిళ్లు. వాయిదాల మీద బండి కొనాలని ఇంటిలో రెండు నెలలుగా మాటలు నడుస్తున్నాయి. అక్కయ్యకు అప్పు ఇష్టము లేదు. మేము సైకిలు మీద వచ్చాము గనుక మమ్మల్ని సాక్ష్యానికి పిలిచినది. "నీవు చెప్పరా తమ్ముడూ. ఆఫీసు ఉద్యోగము చేస్తూ నీవు తొక్కడము లేదా? వీడికేమి నామోషీ?"

మేము నోరు తెరిచేలోపలే బావగారు అందుకొన్నారు. "వాడిది సరదా తొక్కుడు. వీడిని దానితో పోల్చకు. ఇరవై రెండేళ్లు తొక్కాను నేను. క్యారేజీ మీద, కడ్డీకి అటూ ఇటూ కాయలు కట్టుకొని, ఎదురుగాలిలో దిగి నెట్టుకొంటూ పోయేవాడిని. వానలో చైను ఊడితే గట్టు మీద కూర్చొని ఏడ్చిన రోజు కూడా ఉన్నది. నా కొడుకు తొక్కకూడదనే తొక్కాను."

కాసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు. మేనల్లుడు తల వంచుకొని బొగ్గులు కెలుకుతున్నాడు. తండ్రి ఆ సంగతి వాడి ముందు ఎన్నడూ చెప్పినట్టు లేదు.

బావగారి మాట న్యాయమైనది. సైకిలు ఆరోగ్యమని, పొదుపని, సుఖమని మనము చెప్పే మాటలన్నీ ఇష్టమైనప్పుడు ఎక్కి, ఇష్టము లేనప్పుడు గోడకు చేర్చగలిగినవారి మాటలు. పాలవాడికి, పోస్టుమ్యానుకు, చేపల బుట్ట కట్టుకొని తెల్లవారుజామున ఊళ్లు తిరిగిన మనిషికి సైకిలు ఒక కాడి. మనకు ముచ్చటగా కనబడే నల్ల సైకిలు వెనుక వారి కాళ్ల నొప్పులు ఉన్నాయి. ఆ సంగతి మరచి సైకిలును పొగడితే ఆ పొగడ్త వారికి పరిహాసముగా వినబడుతుంది.

అయితే ఇదే మాటకు రెండవ వైపు కూడా ఉన్నది. బావగారు మోసిన ఆ బరువు వలన ఆ ఇల్లు నిలిచినది. కొడుకు చేతిలోని డిగ్రీ పుస్తకము ఆ క్యారేజీ మీద వచ్చినదే. అటువంటి సైకిలును చూచి కొడుకు సిగ్గుపడితే, తెలియకుండానే తండ్రిని చూచి సిగ్గుపడినట్లవుతుంది. బండి కొనుక్కోవచ్చును. దూరము ఎక్కువైతే, పని ఉంటే, కొనుక్కోవలసినదే. కాని సిగ్గు కొద్దీ కొనే వస్తువు మీద కట్టే వాయిదా చాలా బరువుగా ఉంటుంది. మేము ఆ రాత్రి చెప్పినది ఇంతే.

సైకిలు మీద మోసిన బరువుల మాట వచ్చినది గనుక ఇంకొక మనిషి గుర్తుకు వచ్చాడు. ఇటలీ దేశపు జీనో బర్తాలి 1938లోను, మరల 1948లోను టూర్ ద ఫ్రాన్స్ పందెము గెలిచిన గొప్ప సైకిలు వీరుడు. ఆ రెండు గెలుపుల నడుమ యుద్ధము వచ్చినది. 1943లో జర్మను సైన్యము ఇటలీని ఆక్రమించి యూదులను వేటాడుతున్నప్పుడు, ఆయన పందేలకు సాధన చేస్తున్నట్లు కనబడుతూ, సైకిలు గొట్టాలలో దొంగ గుర్తింపు కాగితాలు దాచి వారికి చేరవేశాడని యూదుల స్మారక సంస్థ యాద్ వషేం గుర్తించి, 2013లో ఆయన పేరును గౌరవ జాబితాలో చేర్చినది. అప్పటికి ఆయన చనిపోయి పదమూడేళ్లు. గెలిచిన పతకాలకంటె గొట్టములో దాగిన ఆ కాగితాలే బరువైనవి. మా మేనల్లుడు ఈ కథ విని, తన సైకిలు కడ్డీని వేలితో కొట్టి చూచాడు. అది బోలుగానే మోగినది.

ఆదివారము సాయంత్రము

ఆదివారము ఆరాధన, భోజనము అయ్యాక కొంతసేపు నడుము వాల్చాము. సైకిళ్లు గోడకు చేరి విశ్రాంతి తీసుకొన్నాయి. సాయంత్రము అక్కయ్య ఒక కొత్త సంగతి చెప్పినది. మా మేనకోడలు తొమ్మిదవ తరగతి. బడి నాలుగు కిలోమీటర్లు. ఆటో వస్తే బడి, రాకపోతే ఇల్లు. వచ్చే ఏడు మానిపించి దగ్గరలో కుట్టుపని నేర్పిద్దామా అని ఇంటిలో అనుకొంటున్నారట. కొడుకు బండి గురించి రెండు నెలలు మాట్లాడిన ఇల్లు, కూతురి బడి గురించి ఇంత మెల్లగా ఒక్క మాటలో తేల్చబోతున్నది.

ఇక్కడ మాత్రము మేము ఊరకుండలేదు. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చినది. తరువాత పరిశోధకులు లెక్క చూస్తే, హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు మూడవ వంతు పెరిగినది. బడి మూడు కిలోమీటర్లకు మించిన దూరములో ఉన్న ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువగా కనబడినది. మన పొరుగున తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో, 1990ల మొదట అక్షరాస్యతా ఉద్యమము నడిచినప్పుడు వేలాది పల్లెటూరి స్త్రీలు చదువుతో పాటు సైకిలు కూడా నేర్చుకొన్నారు. రాతిక్వారీలలో పనిచేసే కూలి తల్లులు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు అందరూ ఎక్కారు. బస్సు కోసము, భర్త కోసము, అన్న కోసము ఎదురుచూడకుండా సంతకు, ఆసుపత్రికి, బడికి పోగలిగారు. బావగారికి కాడి అయిన సైకిలే ఆ తల్లులకు కాడి విప్పినది. వస్తువు ఒక్కటే. ఎవరు, ఎందుకు ఎక్కారన్నదే తేడా.

బావగారు చాలాసేపు ఆలోచించి, "మరి నేర్పేదెవరు?" అన్నారు. మేనల్లుడు లేచి పానా తెచ్చాడు.

నేర్పే విధము కూడా చెబుతాము. మీ ఇంటిలో ఉపయోగపడవచ్చును. వెనుక క్యారేజీ పట్టుకొని పరుగెత్తడము మన పాత పద్ధతి. దానికంటె సుళువైనది ఒకటి ఉన్నది. రెండు పెడళ్లూ విప్పేయండి. ఎడమ పెడలు మర మాత్రము తిరగదిప్పి ఉంటుంది గనుక గడియారపు ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేటట్లు సీటు దించండి. ఇక పిల్లను కాళ్లతో నేలను తన్నుకొంటూ పొమ్మనండి. కొంతసేపటికి కాళ్లు పైకెత్తి జారడము దానంతట అదే వస్తుంది. అప్పుడు పెడళ్లు బిగించండి. నిజానికి మొట్టమొదటి సైకిలు ఇటువంటిదే. 1817లో జర్మనీలో కార్ల్ ద్రైస్ చేసిన యంత్రానికి పెడళ్లు లేవు. కాళ్లతో తన్నుకొంటూ పోవడమే.

బిడ్డ ఎడమకు ఒరిగినప్పుడు హ్యాండిలు ఎడమకే తిప్పాలి. పడబోయే వైపు తిప్పితే చక్రాలు బరువు కిందికి వచ్చి సైకిలు నిలబడుతుంది. భయపడి రెండవ వైపు తిప్పితే పడిపోతుంది. ఎవరూ మాటలతో నేర్పలేరు గాని శరీరము తెలుసుకొంటుంది. విమానము కనిపెట్టిన రైటు సోదరులు సైకిళ్లు చేసి అమ్మి బ్రతికినవారే. ఒక బిషపుగారి కుమారులు. ఇతరులు తనంతట తానే నిలబడే విమానము కోసము వెదకుతుంటే, వీరు సైకిలు వలె నడిపేవాడే క్షణక్షణము నిలబెట్టుకోవలసిన విమానము చేశారు. 1903 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరినది 12 సెకన్లు మాత్రమే. ఆ విమానపు పంఖాలను తిప్పినది కూడా చైనులే. ఆదివారము మాత్రము వారు ఎగిరేవారు కారు.

గుడి ఆవరణలో మా మేనకోడలు రెండుసార్లు పడినది, మోచేయి దోక్కుపోయినది. మూడవసారి నాలుగు బారలు జారినది. వాళ్లమ్మ "చాలమ్మా, చీకటి పడింది" అంటూనే ఉన్నది. పిల్ల వినలేదు. సోమవారము తెల్లవారుజామున మేము బయలుదేరేటప్పుడు, బండి కొంటారో మానతారో ఇంకా తేలలేదు. అది వాళ్ల ఇంటి విషయము. గేర్ల సైకిలు సీటు మాత్రము దించినది దించినట్లే ఉన్నది. బావగారు టార్చి పట్టుకొని దాని బ్రేకులు చూస్తున్నారు.

మీ ఇంటి సైకిలు

పాఠకులారా, మీ పశువుల పాకలోనో, మెట్ల కిందనో ఒక సైకిలు ఉండే ఉంటుంది. దానిని ఈ నెలలో ఒకసారి బయటికి తీయండి. టైర్లలో గాలి నిండుగా ఉంటే సగము శ్రమ తగ్గుతుంది. సీటు ఎత్తు సరిచూచుకోండి: కూర్చొని మడమను పెడలు మీద పెట్టి అడుగుకు తెస్తే మోకాలు నిటారుగా రావాలి. చాలామంది సీటు మరీ దించుకొని తొక్కి, మోకాళ్ల నొప్పులను సైకిలు మీదికి నెడతారు. పెద్దలు వారానికి కనీసము 150 నిమిషాలు ఒళ్లు కదిలించే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు తొక్కితే అది తీరిపోతుంది. పొలములో రోజంతా వంగేవారికి ఈ సలహా అక్కరలేదు. కుర్చీలో కూర్చొనేవారికే చెబుతున్నాము.

చీకటిలో పోయేవారు వెనుక ఎర్రటి రిఫ్లెక్టరు, ముందు దీపము లేకుండా కదలవద్దు. తెల్లని చొక్కా వేసుకోండి. వీలైతే హెల్మెటు పెట్టుకోండి. మోటారు బండ్లు నడిపే మన యువకులు గట్టు మీద సైకిలు కనబడితే వేగము తగ్గించాలి. ఆ సైకిలు మీద పోయేది ఎవరి తండ్రో, ఎవరి చెల్లెలో గదా.

మీ సంఘములో ఇప్పటికీ సైకిలు తొక్కక తప్పనివారు ఒకరిద్దరైనా ఉంటారు. గుడి గోడకు చివర, కార్లకూ మోటారు సైకిళ్లకూ వెనుక, వారి సైకిలు ఆనించి ఉంటుంది. ఈ ఆదివారము దాని ప్రక్కన కాసేపు నిలబడి, ఎంత దూరము నుండి వచ్చారో అడగండి. ఎదురుగాలి ఏ వైపు ఉన్నదో కూడా అడగండి. ఆ జవాబు వినే తీరిక మనకు ఉండాలి.